మూడు చక్రాల బండి – వెనుక కూర్చున్నవారి ధైర్యం
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయినది. కవులు పద్యాలు చదివినారు. ఇప్పుడు మా వంతు వచ్చినది. మేము తెచ్చిన విషయం పద్యానికి లొంగేది కాదు; పంచాంగంలో దానికి ఫలం కూడా రాయలేదు. అది మూడు చక్రాల మోటారు బండి, అందులో వెనుక కూర్చున్నవారి సుఖం, ధైర్యం. "ఆటో సంగతి వినడానికా ఇంత దూరం వచ్చినాము?" అని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఈ సభకు వచ్చినవారిలో చాలామంది ఆటోలోనే వచ్చినారు. తిరిగి పోవలసినదీ అందులోనే. గనుక కొంచెం ఓపిక పట్టవలసినదని మనవి.

హంపి యాత్ర అనగానే మన సంఘంలో పడుచువారు ముందుకు వస్తారు, పెద్దవారు వెనక్కు తగ్గుతారు. బళ్లారి నుండి హొసపేటకు రైలున్నది. దానికి ఎవరూ భయపడరు. హొసపేటలో దిగిన తరువాత హంపి సుమారు 13 కిలోమీటర్లు. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా వేరుపడి, హంపి మన జిల్లా నుండి పోయినదే గాని, దూరం మాత్రం పెరగలేదు. అక్కడ విరూపాక్షుని గుడి ఒకచోట, హజార రామాలయం ఇంకొకచోట, విఠలాలయం మరొకచోట. రాళ్ల గుట్టల నడుమ అన్నీ చెదరి ఉన్నవి. రోజుకింత అని మాట్లాడుకొన్న ఆటోలోనే చాలామంది తిరుగుతారు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో అమ్మ గాని, అత్తగారు గాని, "మీరు పోయి రాండి నాయనా, మేము ఇల్లు చూసుకొంటాము" అంటారు. మోకాళ్ల నొప్పులని చెబుతారు. అసలు నొప్పి మోకాళ్లలో లేదు. మలుపులో బండి పక్కకు పడుతుందేమో అనే గుండెలో ఉన్నది.

మనం బ్రతుకు తెరువు కోసం ఇక్కడికి వచ్చినవాళ్లం. రైలు పని కొందరిది, తుంగభద్ర కాలువ కింద సేద్యం కొందరిది, గనుల పని, ఉక్కు పని మరికొందరిది. ఆముక్తమాల్యదను తెలుగులో రచించిన కృష్ణదేవరాయల రాజధాని పక్కనే ఇన్నేళ్లు కాపురం చేసి, ఒక్కసారైనా చూడకుండా మన పెద్దవాళ్లు కళ్లు మూస్తే, ఆ లోటు తీర్చేదెవరు? కాబట్టి ఇది ఆటో సంగతి మాత్రమే కాదు.

మొదట బండి పుట్టుక చెబుతాము. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఇటలీ దేశంలో పియాజియో సంస్థవారు వెస్పా స్కూటరు చేసినారు. వారి భాషలో వెస్పా అంటే కందిరీగ. 1948లో దానికే వెనుక రెండు చక్రాలు కట్టి బరువులు మోసే బండిని చేసి 'ఆపె' అన్నారు, అంటే తేనెటీగ. కందిరీగ షికారుకు, తేనెటీగ కష్టానికి అన్నమాట. మన దేశంలో బజాజ్ వారు 1959లో ప్రభుత్వ లైసెన్సు పొంది, ఆ ఇటలీ సంస్థ సహకారంతో స్కూటర్లు, ఆటోలు తయారు చేసినారు. ఢిల్లీలో మరొక రకం ఉండేది. యుద్ధంలో వాడిన పెద్ద మోటారు సైకిళ్లకు వెనుక రెండు చక్రాల పెట్టె తగిలించి జనాన్ని ఎక్కించేవారు. దాని చప్పుడే దాని పేరు: ఫట్‌ఫటీ. 1990ల చివరి వరకు అవి చాందినీ చౌకు దారుల్లో తిరిగినవి.

అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ వారు 1932 నుండి 1973 వరకు 'సర్వీకార్' అనే మూడు చక్రాల బండిని చేసినారు. ఈ శతాబ్దంలో అదే సంస్థ దూరప్రయాణాలకు మూడు చక్రాల మోటారు సైకిలును మళ్లీ తెచ్చినది. దాని మీద వెనుక సీటు చూస్తే మన ఇంటి పడక కుర్చీకి చెల్లెలు అనిపిస్తుంది. వీపుకు ఆనుడు, రెండు పక్కల చేతులకు ఆనుడు, కాళ్లకు పలక ఉంటవి. వయసు మీరి రెండు చక్రాల బండిని నిలబెట్టి పట్టుకొనే బలం తగ్గినవారు, భార్యను వెనుక కూర్చోబెట్టుకొని వందల మైళ్లు పోతారు. వెనుక కూర్చున్నవారు భయపడితే ముందున్నవారి ప్రయాణం సాగదని ఆ బండి చేసినవారు గ్రహించినారు. మన ఆటోలో పడక కుర్చీ లేదు. కాని ఆ ధైర్యాన్ని మనం వేరే దారిలో సంపాదించుకోవచ్చును.

మూడు చక్రాలు మంచివా, చెడ్డవా? మన తల్లులకు మూడు రాళ్ల పొయ్యి తెలుసు. ఎగుడు దిగుడు నేల మీద నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది గాని, మూడు రాళ్ల మీది కుండ ఊగదు. నిలిచి ఉన్నంతసేపు మూడు చక్రాల బండికి అటువంటి నిలకడే ఉన్నది. స్కూటరు ఆగితే కాలు ఆనించవలె. ఆటో ఆగితే ఆనించనక్కరలేదు. చిక్కు ఎక్కడంటే, పొయ్యి కదలదు, బండి కదులుతుంది.

రైలు కచేరీలో కాగితాలు రాసే గుమాస్తా పని మాది. ఇంజనీరుగారల మాటలు చెవిన పడి నేర్చుకొన్నది ఒకటి చెబుతాము. రైలుదారి వంపు తిరిగేచోట బయటి పట్టాను లోపలి పట్టాకంటె ఎత్తుగా వేస్తారు. బ్రాడ్‌గేజి దారిలో ఈ ఎత్తు 165 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చును. అందుచేత పెట్టె లోపలి వైపుకు ఒరుగుతుంది, కూర్చున్నవారు బయటికి తూలరు. మోటారు సైకిలుకు పట్టాలు లేవు గాని, నడిపేవాడే మలుపు లోపలికి ఒరుగుతాడు. వెనుకవారూ అతనితో ఒరుగుతారు. ఆటోకు ఈ రెండూ లేవు. వీధి చదునుగా ఉంటుంది, బండి ఒరగదు. ఎడమకు తిరిగితే మన శరీరం కుడికి, కుడికి తిరిగితే ఎడమకు పోతుంది. ఇది బండి పడిపోతున్న సూచన కాదు, మలుపు స్వభావం. ఈ ఒక్క మాట తెలిస్తేనే సగం భయం తీరుతుంది.

తక్కిన సగం భయం న్యాయమైనదే. 20 కిలోమీటర్ల వేగంతో తిరిగిన మలుపునే 40తో తిరిగితే, బయటికి తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 30తో తిరిగినా రెండింతలు దాటుతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించవలె. మలుపులో దిగిన తరువాత గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు, ఆ ఒంటి చక్రం మీదికి వస్తుంది. బండి నిలకడ తగ్గేది అప్పుడే.

ఇక్కడ అందరూ గుర్తు పెట్టుకోవలసినది ఒకటున్నది. ఆటో కింద మూడు చక్రాలను గీతలతో కలిపితే ముక్కోణం వస్తుంది. వెనుక వెడల్పు, ముందు సన్నం. బరువు వెనుక వెడల్పు భాగాన ఉంటే బండి క్షేమం. ముందు సన్నని కొస వైపు జరిగితే, మలుపులో పక్కకు ఒరిగేందుకు అడ్డు తగ్గుతుంది. మన ఊళ్లో మోతీ సర్కిల్ నుండి బ్రూస్‌పేటకు పోయినా, కౌల్ బజారుకు పోయినా, డ్రైవరుకు అటొకరు ఇటొకరు అతుక్కొని కూర్చోవడం కనిపిస్తుంది. వారు బరువును సన్నని కొస వైపు తెస్తారు, హ్యాండిలు తిరగడానికి అడ్డమవుతారు, వారి మోకాలు బండి బయట ఉంటుంది. మామూలు ఆటోకు పర్మిట్ ముగ్గురు ప్రయాణికులకే ఇస్తారు. ఆ ముగ్గురి లెక్క పోలీసువారి కోసం పెట్టినది కాదు, ముక్కోణం కోసం పెట్టినదని అనుకోండి.

రోడ్డు సంగతి చూడండి. సైకిలు ఒక జాడలో నడుస్తుంది, కారు రెండు జాడల్లో నడుస్తుంది. ఆటో మాత్రం మూడు జాడలు వేస్తుంది. రోడ్డు నడుమ గుంత ఉంటే కారు దాన్ని రెండు చక్రాల మధ్య దాటించుకొని పోతుంది. ఆటో వెనుక చక్రాలు తప్పించుకొన్నా ముందు చక్రం పడుతుంది; ముందుది తప్పించుకొంటే వెనుకది ఒకటి పడుతుంది. పైగా ఆటో చక్రం చిన్నది. పెద్ద చక్రం గుంత మీదుగా దొర్లిపోతే, చిన్న చక్రం అందులోకి దిగి లేస్తుంది. స్పీడ్ బ్రేకరును ఇక్కడ హంపు అంటారు; హంపికి పోయే దారిలో హంపులకు కరువు లేదు. కొందరు డ్రైవర్లు హంపు చివర ఖాళీలో ఒక చక్రం పోనిచ్చి, రెండవ చక్రాన్ని హంపు ఎక్కిస్తారు. త్వరగా దాటినట్లే ఉంటుంది గాని, లోపలివారు ఒకరి మీద ఒకరు పడతారు. తిన్నగా, నెమ్మదిగా, మూడు చక్రాలతోనూ ఎక్కి దిగడమే మేలు.

ఇక ధైర్యం. ధైర్యానికి నాలుగు ఆధారాలున్నవని మా అభిప్రాయం. మొదటిది పట్టు. పెద్దవారి చేతికి కమ్మీ అందవలె. పక్కవారి భుజం పట్టు కాదు. వారిని మూసి ఉన్న కుడి వైపున గాని, నడుమ గాని కూర్చోబెట్టి, తెరిచి ఉన్న ఎడమ వైపున గట్టివారు కూర్చోవలె. కాళ్లు నేలకు ఆనకపోతే సంచి ఒకటి కాళ్ల కింద పెడితే చాలు. బరువైన సామాను కూడా కిందనే ఉండవలె. పైన కట్టిన మూట బండిని ఒరగ లాగుతుంది.

రెండవది చూపు. ముందు దారి కనబడనివారికి ప్రతి కుదుపూ పిడుగే. ఎండకని పక్క గుడ్డలన్నీ దించి, పెద్దవారిని చీకట్లో కూర్చోబెట్టకూడదు.

మూడవది మాట. "అమ్మా, హంపు వస్తున్నది", "అవ్వా, మలుపు, కమ్మీ పట్టుకో" అని ముందుగా ఒక్క మాట చెబితే శరీరం సిద్ధపడుతుంది. 1975లో వచ్చిన 'షోలే' చిత్రం మన కర్ణాటకలోనే రామనగరం గుట్టల్లో తీసినది. అందులో మోటారు సైకిలు, దాని పక్క తొట్టిలో కూర్చున్న మిత్రుడు అందరికీ గుర్తే. నిజానికి పక్క తొట్టి బండి ఆటోకంటె పెంకిది. తొట్టి ఖాళీగా ఉంటే, ఆ వైపు మలుపులో తొట్టి చక్రం పైకి లేస్తుంది. అయినా ఆ మిత్రుడు నవ్వుతూ కూర్చున్నాడు. నడిపేవాడు తనవాడనే నమ్మకం అది.

నాలుగవది అడిగే హక్కు. ఈ సరిహద్దు జిల్లాలో మనకొక సదుపాయం ఉన్నది. 'నిదానం' అన్న మాట తెలుగువారికీ తెలుసు, కన్నడిగులకూ తెలుసు. వెనుక నుండి ఆ ఒక్క మాట అంటే ఏ డ్రైవరుకైనా అర్థమవుతుంది. అడగడం అవమానం కాదు, వినడం తక్కువతనం కాదు.

డ్రైవర్ల పక్షాన కూడా న్యాయం చెప్పవలె. మన ఊరి ఆటోల మీద శంకర్ నాగ్ గారి బొమ్మ చూస్తుంటారు. 1980లో వచ్చిన 'ఆటో రాజా' కన్నడ చిత్రంలో ఆయన ఆటో డ్రైవరుగా నటించినారు. 1990లో దావణగెరె దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయినారు. ఇన్నేళ్లయినా ఆయన బొమ్మను డ్రైవర్లు వదలలేదు. తమ పనికి ఒక గౌరవం తెచ్చినాడన్నదే కారణం. ఆ గౌరవం మనం కూడా ఇవ్వవలె. ఎనిమిదిమందిని ఎక్కించుకొని పోయే డ్రైవరును తిట్టడం తేలిక. ఎనిమిదిమంది ఎక్కి, ముగ్గురి బాడుగకు బేరమాడేవారు మనలోనే కొందరున్నారు గదా! ఇద్దరికి తగిన ధర ఇచ్చి నిదానంగా పొమ్మంటే పోనివాడు అరుదు.

మిరప కోతకు, పత్తి ఏరడానికి పోయే ఆడకూలీల సంగతి మరీ కష్టం. తెల్లవారుజామున ఒకే బండిలో పదిమందికి పైగా కిక్కిరిసి పోతారు. వారికి ధైర్యం చెప్పడం కాదు కావలసినది, రెండవ బండి. తుంగభద్ర కాలువ కింద సేద్యం చేసే మన రైతు సోదరులు ఈ సభలో చాలామంది ఉన్నారు. కూలితోపాటు రెండవ బండి బాడుగ కూడా సేద్యపు ఖర్చులో రాసుకోవలసినదని వారికి మా ప్రార్థన. ఆ బాడుగ ఎంతైనా, ఒక ఇంటి తల్లి ప్రాణానికంటె ఎక్కువ కాదు.

చివరగా యాత్ర విషయం. సంఘం ఈ ఏడాది హంపికి పోయేటట్లయితే, మా సూచనలు ఇవి. ఆటోకు ముగ్గురే. డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోరాదు. ప్రతి బండిలో పెద్దవారు ఇద్దరు, చూసుకొనే పడుచువారు ఒకరు. ధర ముందే పూర్తిగా ఒప్పుకొని, మధ్యాహ్నం డ్రైవరుకు కూడా మనతోనే భోజనం. ఎండ ముదరక ముందే సగం చూసి, నీడలో ఆగవలె. బ్యాటరీతో నడిచే ఆటోలు దొరికితే పెద్దవారికి అవి ఇవ్వవలె. వాటిలో సీటు కింది ఇంజను వేడి, అదురు ఉండవు, బరువైన బ్యాటరీ అడుగున ఉండడం నిలకడకు మంచిది. లెక్క చూస్తే బండ్లు రెండు మూడు ఎక్కువ కావచ్చు. ఆ ఖర్చు చందాలో కలిపితే మనిషికి పెద్దగా పడదు.

విఠలాలయం ముందు రాతిరథం ఉన్నది. మన 50 రూపాయల నోటు మీద కూడా అచ్చయినది. అది కదలదు గనుక దానికి భయపడేవారు లేరు. కదిలే బండిలో మన పెద్దవారిని భయం లేకుండా దాని ముందుకు తీసుకుపోవడం మన చేతిలో ఉన్నది.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఇంటికి నిదానంగా పోయి రండి. సెలవు.