తరగతి గదిలో కృత్రిమ మేధ

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల బాటలో పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రములు, విద్యార్థుల వసతి గృహములు వరుసగా కానవచ్చును. ఈ ప్రాంతమున గణితము, విజ్ఞానశాస్త్రము బోధించు మా బోటివారిని నేడొక ప్రశ్న ఎదుర్కొనుచున్నది. అడిగినదే తడవుగా లెక్క చేసి చూపు కృత్రిమ మేధను తరగతిలోనికి రానీయవలెనా, వలదా?

మాలో కొందరు దీనిని వరముగా భావింతురు. ఒక్క పాఠమునకు పది తీరుల అభ్యాసములు క్షణములో సిద్ధమగును. నోటుపుస్తకములు దిద్దు భారము కొంత తగ్గును. మరికొందరికి భయము. పిల్లలు ఆలోచించుట మానుదురేమో, తల్లిదండ్రులు “ఇక మాస్టారెందుకు?” అందురేమో అని వారి శంక. రెండింటను నిజము కలదు. అయితే యంత్రము తప్పు చెప్పినపుడు తరగతిలో ఏమి జరుగవలెను? దానినిబట్టియే మేము ఒక నిర్ణయమునకు రావలసియున్నది.

ఒక ఉదాహరణము చూతము. 9.11, 9.9 అను సంఖ్యలలో ఏది పెద్దది? 2024లో పేరుపొందిన కృత్రిమ మేధా సాధనములు కొన్ని 9.11 పెద్దదని చెప్పి నవ్వులపాలైనవి. మా పిల్లలును తరచుగా ఈ తప్పే చేయుదురు. తొమ్మిదికంటె పదకొండు పెద్దది గదా అని వారి తర్కము. ఉపాధ్యాయుడు ఆ తర్కమును పసిగట్టి, 9.9ని 9.90గా వ్రాయించును. తొమ్మిది రూపాయల తొంబది పైసలు ఎక్కువా, తొమ్మిది రూపాయల పదకొండు పైసలు ఎక్కువా అని అడుగును. పిల్లవాడు తానే దిద్దుకొనును. తప్పు ఏ మెట్టుకడ మొదలైనదో కనుగొనుటయే బోధనలోని కష్టము.

విజ్ఞానశాస్త్రమునను ఇంతే. సబ్బునీరు తగిలిన పసుపు ఎర్రబారునని యంత్రము చెప్పగలదు. పసుపు పూసిన కాగితముపై ఆ చుక్క తానే వేసి, పిమ్మట నిమ్మరసము పిండి, రంగు మరల మారుట చూచిన బాలికకు కలుగు నమ్మకము వేరు.

బడికి యంత్రము వచ్చుట ఇదే మొదలు కాదు. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము సాగిన ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగము ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు చేరినది. అందులో పిల్లలకు పాఠములే గాక, ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణయు ఇచ్చిరి. 2025లో తెలంగాణ ప్రభుత్వము కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో భాషను, గణితమును నేర్పుటకు కృత్రిమ మేధను ప్రవేశపెట్టినది. ఇప్పుడును సాధనము వెంట శిక్షణ రావలెను. దానిని పరీక్షించి చూచుకొనుటకు ఉపాధ్యాయునికి తీరిక దొరకవలెను. ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు మూయవలెనో నిర్ణయించు అధికారము అతనికి ఉండవలెను.

ప్రయోగశాలకు కొత్త త్రాసు వచ్చినపుడు, ముందుగా తెలిసిన తూనికరాయి వేసి సరిచూతుము. ఈ సాధనమునకును అట్టి పరీక్షయే తగును. దాని జవాబును నల్లబల్లపై వ్రాసి, “ఇది సరియేనా? ఎట్లు?” అని పిల్లలనే అడుగుదము.