ముందు చెప్పే టెస్ట్ వేరు, మందు చెప్పే టెస్ట్ వేరు

ఈ రోజు మా ఇంట్లో జరిగిన విషయంతో మొదలుపెడతాను.

నేను పాథాలజిస్టుని. అంటే బయాప్సీ ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్ట్ రాసే డాక్టర్‌ని. రెండేళ్ల కిందట ఓ రాత్రి పదకొండింటికి మా మావయ్య కూతురు ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. "బావా, నాన్న రిపోర్టులో పాజిటివ్ అని వచ్చింది!" మావయ్యకి మెడ దగ్గర గడ్డ కనిపించింది, ఆరా తీస్తే టాన్సిల్ క్యాన్సర్. రిపోర్ట్ వాట్సాప్‌లో పంపమన్నాను. చూస్తే, అందులో ఉన్నది "పీ16 పాజిటివ్". "పిచ్చిదానా, ఈ పేపర్ మొత్తంలో కాస్త ధైర్యం ఇచ్చే లైన్ అదే" అన్నాను.

ఎందుకో చెప్తా. పీ16 ఒక ప్రోటీన్. టాన్సిల్‌లో, నాలుక వెనక భాగంలో వచ్చే క్యాన్సర్లో అది బాగా ఎక్కువగా కనిపిస్తే, దానికి కారణం సాధారణంగా హెచ్‌పీవీ అనే వైరస్. ఈ రకం ట్రీట్‌మెంట్‌కి బాగా లొంగుతుంది. 2010లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ స్టడీలో, మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు హెచ్‌పీవీ ఉన్న గ్రూపులో 82 శాతం, లేని గ్రూపులో 57 శాతం. అయితే ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చినవాళ్లకి ఆ లాభం తగ్గింది.

రెండు రోజులకి మళ్లీ ఫోన్. ఈసారి ఏడుపు లేదు, హుషారు. "బావా, ఇది తేలిగ్గా తగ్గే రకమే కదా! నాన్నకి సిస్‌ప్లాటిన్ వద్దని చెప్దామా? వాంతులవుతాయట, చెవులు వినబడకుండా పోతాయట. సెటుక్సిమాబ్ అని ఇంకోటి ఉందట, అది పెట్టించుకుందాం."

నాకు భయమేసింది ఇక్కడే. ఫ్రెండ్స్, బయోమార్కర్లు రెండు పనులు చేస్తాయి. ఒకటి, జబ్బు ఎటు పోతుందో ముందు చెప్పడం. రెండు, ఏ మందు పని చేస్తుందో చెప్పడం. పీ16 మొదటి పని చేస్తుంది. "మందు తగ్గించొచ్చు" అని అది చెప్పలేదు. మనమే అనుకున్నాం. డాక్టర్లు కూడా అలాగే ఆశపడ్డారు. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ ఇచ్చి చూశారు. 2019లో అచ్చయిన అమెరికన్ ట్రయల్‌లో, ఐదేళ్లకి బతికున్నవాళ్లు సిస్‌ప్లాటిన్‌తో దాదాపు 85 శాతం, సెటుక్సిమాబ్‌తో 78 శాతం. మంచి రిపోర్ట్ ఉన్నవాళ్లే, అయినా నష్టపోయారు.

ఈ లెక్కలన్నీ మావయ్యకి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "సరే రా, ఆ వాంతులేవో పడతాను" అన్నాడు. పడ్డాడు కూడా. ఇప్పటికీ నోరు ఎండిపోతుంది, మజ్జిగ లేకుండా ముద్ద దిగదు. కానీ మనిషి ఉన్నాడు.

ఇంకో మాట. మన దగ్గర ఎక్కువగా చూసేది బుగ్గ, నాలుక, చిగుళ్ల క్యాన్సర్. గుట్కా, ఖైనీ, చుట్టల పుణ్యం. అక్కడ పీ16 పాజిటివ్ వచ్చినా ఈ లెక్క వర్తించదు. టెస్ట్ పేరు ఒకటే, కానీ చోటు మారితే అర్థం మారిపోతుంది.

మరి మందు చెప్పే టెస్ట్ లేదా? ఉంది. క్యాన్సర్ తిరగబెట్టినప్పుడో, వేరే చోటికి పాకినప్పుడో పీడీ-ఎల్1 చూస్తాం. మా లాబ్‌లో దానికి సీపీఎస్ అని స్కోర్ వేస్తాం. అప్పుడు మొదటి ట్రీట్‌మెంట్‌గా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే ఇవ్వాలంటే ఆ స్కోర్ కనీసం 1 ఉండాలి. స్కోర్ పెరిగేకొద్దీ లాభం ఎక్కువ. కానీ గ్యారంటీ లేదు: స్కోర్ బాగా ఉన్నా మందు పని చేయనివాళ్లున్నారు.

స్కోర్ వచ్చినా ఖరీదు మాటేంటి అంటారా? నిజమే, చాలామందికి అందదు. అందుకే ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు అదే కోవకి చెందిన నివోలుమాబ్‌ని మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ, 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి, చవకైన మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాదికి బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. 2023లో అచ్చయింది. డబ్బుల్లేవని ఇంటికెళ్లిపోయే ముందు, మీ డాక్టర్‌ని ఈ సంగతి ఒక్కసారి అడగండి.

మీ ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే కాబట్టి రిపోర్ట్ ఫొటో ముందు మీకే వస్తుంది. "పాజిటివ్" చూసి ఏడవకండి, గూగుల్ చూసి ఎగరకండి. డాక్టర్‌ని ఈ రెండూ అడగండి: ఈ టెస్ట్ జబ్బు గురించి చెప్తోందా, మందు గురించి చెప్తోందా? దీనివల్ల మా ట్రీట్‌మెంట్‌లో ఏమైనా మారుతుందా?

ఇవాళ్టికి ఇంతే. ఇలాంటి రిపోర్ట్ చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లు మీకు తెలిస్తే, ఈ వీడియో వాళ్లకి పంపండి. ఉంటాను.