పదును ఎనిమిది రోజులే

(అనంతపురంలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



సీమ గురించి ఏ వేదిక మీద మాట్లాడినా మనం వాన లెక్కతోనే మొదలుపెడతాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, పడమటి కనుమల వాననీడ అంటాం. అది మీకందరికీ కంఠతా వచ్చు. నేనీరోజు ఆ వాన పడే నేల గురించి చెబుతాను. మన నీళ్ల వాదనకు సగం బలం ఆ నేలలోనే ఉంది. దాన్ని మనం వాడుకోవడం లేదు.

కదిరి దారిలోనో ధర్మవరం దారిలోనో రోడ్డు కోసం గట్టు కోసిన చోట బస్సు కిటికీలోంచి చూడండి. పైన జానెడు ఎర్ర ఇసుక మట్టి ఉంటుంది. తడిపి పిసికితే ఉండ అవుతుంది గానీ వేలు తగిలితే విడిపోతుంది. దాని కింద ఇంకా ముదురు ఎరుపు పొర, జిగురు కాస్త ఎక్కువ. పైనున్న సన్న బంకమట్టి వేల ఏళ్లుగా వాననీళ్లతో దిగి పేరుకున్నది అక్కడే. ఆ కింద గరుసు, అంటే సగం మట్టి సగం రాయి. దాని కింద బండ. ఈ నేలకు తల్లి ఆ బండే. రంగు ఇనుము తుప్పు రంగు. చాలా చేలల్లో గడ్డపార వేస్తే మూరెడు లోతు దిగకముందే గరుసు తగిలి ఖంగుమంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇలాంటి మట్టి అడుగు లోతున పైరుకు అందే నీళ్లు 30 నుంచి 40 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. గులకరాళ్లుంటే ఇంకా తక్కువ. ఊడలు దిగే వేళ శెనక్కాయ చెట్టు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే ఎంత మంచి వాన పడినా పదును ఎనిమిది రోజులే. మీటరు లోతున్న నల్లరేగడిలోనైతే అదే పైరు నెల రోజులు ఓర్చుకుంటుంది. ఆగస్టులో మూడు వారాలు మబ్బు మొహం చాటేసి, సెప్టెంబరులో కుండపోత పడితే వర్షపాతం పట్టికలో లోటు పూడిపోతుంది. చేను మాత్రం ఆగస్టులోనే ఎండిపోయింది! కాగితం మీద కరువు లేదు, కళ్లంలో కాయ లేదు.

పోనీ కుండపోత పడినా ఆ నీళ్లు లోపలికి దిగుతాయా? దిగవు. చినుకుల దెబ్బకు పైమట్టి చెదిరి, ఎండగానే అప్పడంలా గట్టి పొర కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. తర్వాతి వాన దాని మీద జారి వంకల పాలవుతుంది. పోతూ పోతూ సన్నమట్టిని తీసుకుపోతుంది, ఇసుకను వదిలిపోతుంది. ఆ సన్నమట్టి చెరువులో ఒండ్రవుతుంది. బుక్కరాయసముద్రం లాంటి చెరువులు తవ్విన కాలం నుంచీ రైతు వేసవిలో ఆ ఒండ్రును బండ్లతో తిరిగి చేనుకు తోలుకున్నాడు. అది వట్టి ఎరువు కాదు, పోయిన పదునును తిరిగి తెచ్చుకోవడం. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు చూస్తే ఇంకో అన్యాయం కనిపిస్తుంది. ఎండిన వేదవతి ఇసుకను గాలి ఎత్తుకొచ్చి చేల మీద దిబ్బలు పోస్తోంది.

"ఇంత నేలలో శెనక్కాయ ఎందుకేస్తారయ్యా?" అని కోస్తా మిత్రులు అడుగుతుంటారు. ఊడ దిగాలంటే గుల్ల నేల కావాలి, కాయ పీకాలన్నా అదే కావాలి. నేలను చూసే మనవాళ్లు ఆ పంట ఎంచుకున్నారు. ఒకే పంట మీద మొత్తం జిల్లా పడిపోవడం తప్పే, కాదనను. కందీ కొర్రా పక్కకు పోయాయి. కానీ ఆ తప్పు రైతు ఒక్కడిదే కాదు.

ఇక అసలు సంగతి. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అని రాసుకున్నారు. దాన్ని మనం ప్రతి సభలో గుర్తుచేస్తాం. అవతలివాళ్లు వెంటనే "మెట్ట నేలకు నీళ్లిచ్చి ఏం పండిస్తారు?" అంటారు. మన నేలే వాళ్లకు జవాబు. ఈ నేలకు నిలవ నీళ్లు అక్కర్లేదు, పదును పోయిన రోజున రెండు అంగుళాల తడి కావాలి. ఒక టీఎంసీ నీళ్లను రెండంగుళాలుగా పరిస్తే 1 లక్షా 40 వేల ఎకరాలు తడుస్తాయి. దారిలో సగం పోయినా 70 వేలు. ప్రాజెక్టుల లెక్కలో అదే టీఎంసీకి 10 వేల ఎకరాల ఆయకట్టు అంటారు. హంద్రీ-నీవాకు రాసింది 40 టీఎంసీలు. మీరే గుణించుకోండి.

జీడిపల్లికి 2012లో నీళ్లొచ్చాయి, ఫొటోలు దిగారు. ఆ నీళ్లు చేను దాకా పోయే పిల్ల కాలువలు మాత్రం ఏళ్ల తరబడి పడకేశాయి. తడి ఇవ్వాల్సిన ఎనిమిదో రోజున నీళ్లు కిలోమీటరు అవతల ఉంటే అవి లేనట్టే. మెట్ట చేలకు పైపులు, స్ప్రింక్లర్లు కావాలి. కుంట తవ్వితే అడుగున పరుపు వేయాలి, లేకుంటే ఇసుక నేల తాగేస్తుంది. వీటిని ఎవరో దానం చేసే పథకాలుగా కాక, శ్రీబాగ్ హక్కులో భాగంగా అడగాలి.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ చేనులో ఒక గుంత తీయండి. గరుసు ఎన్ని అంగుళాలకు తగిలిందో, ఆ ఏడు వానకూ వానకూ మధ్య ఎన్ని రోజుల ఎడముందో సర్వే నంబరుతో సహా రాసుకురండి. ఊరికి పది గుంతలు చాలు. ఉద్యోగ మిత్రులు ఆ లెక్కల్ని మండలాల వారీగా పట్టికలో పెట్టండి. ఈసారి వినతిపత్రంతో పాటు దాన్ని తీసుకుపోదాం.