ఎవరూ అడగని ప్రశ్న
(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పరిపాలన మగవాళ్ళదేననీ, అది అనాదిగా వస్తున్న ఆచారమనీ చాలా దేశాల్లో చెబుతారు. పశ్చిమాఫ్రికాలోని అసాంటే రాజ్యం కథ దీనికి భిన్నంగా ఉంది.

ఇప్పటి ఘానాలో, కుమాసీ రాజధానిగా 1700 ప్రాంతంలో ఏర్పడిన ఈ రాజ్యంలో వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కిస్తారు. రాజు కొడుక్కి సింహాసనం రాదు. తమ్ముడికో మేనల్లుడికో వస్తుంది. రాజుతోపాటు 'అసాంటెహెమా', అంటే రాజమాత ఉంటుంది. ఆమె రాజు కన్నతల్లే కానక్కర్లేదు, అక్కో పినతల్లో కావచ్చు. అది బంధుత్వం కాదు, పదవి. ఆమెకు సొంత పీఠం, సొంత న్యాయసభ ఉండేవి. రాజపీఠం ఖాళీ అయితే అభ్యర్థిని ప్రతిపాదించేది ఆమే. పెద్దలు కాదంటే మరొకరి పేరు చెప్పేది. రాజు తప్పు చేస్తే నిండుసభలో మందలించే హక్కు ఆమెకుంది.

1896లో బ్రిటిష్‌వాళ్ళు రాజు మొదటి ప్రెంపేతోపాటు ఆయన తల్లి, రాజమాత యా అచియాని కూడా నిర్బంధించి తీసుకుపోయారు. 1900లో గవర్నరు హాడ్జ్‌సన్ స్వర్ణపీఠం తెమ్మన్నప్పుడు యుద్ధానికి నాయకత్వం వహించింది ఎజిసు రాజమాత యా అసాంటెవా. ఆమెనూ సీషెల్స్ దీవులకు పంపారు. 1921లో అక్కడే మరణించింది.

ఖైదు చేసేటప్పుడు వాళ్ళ కంటికి ఆనిన స్త్రీల అధికారం, పరిపాలనలో చోటివ్వాల్సినప్పుడు మాత్రం ఆనలేదు. ప్రభుత్వం గుర్తించింది మగ నాయకులనే. 1920లలో రాట్రే అనే మానవశాస్త్రజ్ఞుడు ఈ సంగతి ఇన్నాళ్ళూ మాకెందుకు తెలియలేదని అడిగితే, తెల్లవాళ్ళు తమనెన్నడూ అడగలేదనీ, మగవాళ్ళతోనే వ్యవహరించారనీ అక్కడి వృద్ధులు చెప్పారు.

నైజీరియాలోని ఇగ్బో ప్రాంతంలో స్త్రీల సభలు ఉండేవి. బ్రిటిష్‌వాళ్ళు వాటిని పట్టించుకోకుండా, దాదాపు అందరూ మగవాళ్ళే అయిన నాయకులను నియమించారు. పన్ను వేస్తారన్న భయంతో 1929లో వేలాది స్త్రీలు తిరగబడితే కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వ రికార్డుల్లో అది 'అల్లర్లు'. ఆ స్త్రీలకు అది 'ఆడవాళ్ళ యుద్ధం'.

అదంతా స్వర్ణయుగమని నేననను. రాజమాత రాచవంశపు స్త్రీ. అదే రాజ్యంలో బానిస స్త్రీలూ ఉన్నారు, వాళ్ళ మాటకు సభలో విలువ లేదు. పదవి ఉన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరగదు.

1992 ఘానా రాజ్యాంగం 'నాయకుడు' అన్న నిర్వచనంలో రాజమాతను కూడా చేర్చింది. చెరిపేసిన పేరు మళ్ళీ రాయడానికి అంతకాలం పట్టింది. అందుకే, ఇది ఆచారమని ఎవరైనా అన్నప్పుడు, దాన్ని ఎప్పుడు రాశారు, ఎవరు రాశారు, ఎవరినడిగి రాశారు అని మనం అడిగి తీరాలి.