స్టార్టర్ పెట్టె తెరిచే హక్కు

(తిరువూరులో చిన్న మిల్లుల్లోనూ, వడ్రంగి షెడ్లలోనూ పనిచేసే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళల హక్కుల సమావేశంలో మోటారు స్టార్టర్ ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆస్తి హక్కు గురించి, వరకట్నం గురించి, ఇంట్లో హింస గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడుకోవాలి కూడా. కానీ రోజంతా కారం మర దగ్గరో, పిండి మర దగ్గరో, చిత్రిక పట్టే మిషన్ దగ్గరో నిలబడే మనిషికి తన చేతివేళ్లు పదీ ఉండడం కూడా హక్కే. ఆ వేళ్లను కాపాడవలసిన పరికరాల్లో ఒకటి గోడకు బిగించి ఉండే స్టార్టర్ పెట్టె. దాన్ని గురించి ఎవరికి తెలుసు, ఎవరిని తెలుసుకోనివ్వలేదు అన్నదే ఈ రోజు నా విషయం.

ముందు అది ఏం చేస్తుందో చూద్దాం. ఆకుపచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్‌కు కరెంటు అందుతుంది. కాయిల్ అయస్కాంతమై కాంటాక్టు పాయింట్లను లాగి పట్టుకుంటుంది. మూడు ఫేజులూ మోటారుకు చేరతాయి. ఎర్ర బటన్ నొక్కితే కాయిల్ పట్టు వదిలేస్తుంది. కరెంటు పోయినా అంతే. అందువల్ల కరెంటు తిరిగి వచ్చినా మోటారు దానంతట అది తిరగదు. ఎవరో ఒకరు వచ్చి మళ్లీ ఆకుపచ్చ బటన్ నొక్కాలి. అదే పెట్టెలో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. బరువెక్కువై మోటారు కరెంటు ఎక్కువ లాగినా, ఒక ఫేజు పోయి మిగిలిన రెండింటి మీద మూలుగుతున్నా రిలే పడి మోటారును ఆపుతుంది. అంటే మనిషికీ రక్షణ ఉంది, మోటారుకూ ఉంది.

ఈ పెట్టెలోకి ఏళ్ల తరబడి రంపపు పొట్టు, పిండి, కారం దుమ్ము చేరతాయి. కాయిల్ గుర్రుమని మోత పెడుతుంది, చివరికి కాలిపోతుంది. పాయింట్లు నల్లబడి అరిగిపోతాయి. అప్పుడు చాలాచోట్ల ఏం జరుగుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. బటన్ నిలవకపోతే సందులో చెక్కముక్క దోపుతారు. రిలే మాటిమాటికీ పడుతోందని దాని ఆంపియర్లు పెంచేస్తారు. కొన్నిచోట్ల స్టార్టర్‌నే పక్కనపెట్టి మెయిన్ స్విచ్ నుంచి నేరుగా మోటారుకు వైరు లాగుతారు. పని ఆగదు. కానీ ఇక మీదట కరెంటు పోయి వచ్చిందంటే మిషన్ చెప్పాపెట్టకుండా తిరుగుతుంది.

ఆ క్షణాన మిషన్ దగ్గర ఎవరుంటారు? ఊడ్చే పని, తుడిచే పని ఆడవాళ్లదేనన్న ఇంటి నియమం షెడ్డులోకీ వచ్చింది. కరెంటు పోగానే మగవాళ్లు టీకి వెళ్తారు. ఆమె మాత్రం రంపం కింద పేరుకున్న పొట్టు తీయడానికి చెయ్యి పెడుతుంది. చీర కొంగు, జడ, గాజులు అన్నీ బెల్టుకు దగ్గరగానే ఉంటాయి.

ఈ అలవాటు పొలం నుంచి కూడా వచ్చింది. వేళాపాళా లేని కరెంటు కోసం రాత్రుళ్లు కాపలా కాయలేక రైతులు బోర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. మీకు పక్కనే ఉన్న తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు వాటిని తీసేయమని పెద్ద ప్రచారం జరిగింది. అక్కడి చర్చ నీటి గురించీ, లోడు గురించీ. బోరు మోటారు భూమి లోపల ఉంటుంది కాబట్టి అది హఠాత్తుగా తిరిగినా చెయ్యి తెగదు. అదే ఏర్పాటు రంపానికి పెడితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

ఇక చట్టం సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్‌ను మనం జాగ్రత్తగా చదవాలి. తిరుగుతున్న యంత్రాన్ని తప్పనిసరిగా పరీక్షించవలసి వస్తే ప్రత్యేక శిక్షణ పొందిన పురుషుడే ఆ పని చేయాలంది. అతనికి యజమాని బిగుతైన దుస్తులివ్వాలి, పేరు రిజిస్టరులో రాయాలి. తిరుగుతున్న యంత్రానికి స్త్రీ నూనె వేయకూడదు, శుభ్రం చేయకూడదు, సరిచేయకూడదు అంది. అతనికి శిక్షణ, దుస్తులు, రిజిస్టరులో పేరు దక్కాయి. ఆమెకు నిషేధం దక్కింది. ఆగిన యంత్రాన్ని విప్పవద్దని ఆ చట్టం ఆమెకు ఎక్కడా చెప్పలేదు. అయినా వాడుకలో అది “ఆడవాళ్లు స్టార్టర్ ముట్టుకోకూడదు” అన్న నియమంగా స్థిరపడింది. అదే చట్టంలోని 24వ సెక్షన్, పొరపాటున ఆన్ అయ్యే అవకాశమున్న స్విచ్‌ను ఆఫ్‌లోనే తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలంది. అది ఎవరి చెవినా పడలేదు.

పైగా కరెంటు వాడే చోట కనీసం 10 మంది కార్మికులుంటేనే అది ఫ్యాక్టరీ. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ముగ్గురు, నలుగురు పనిచేసే మన షెడ్లు అప్పుడూ లెక్కలో లేవు, ఇప్పుడూ లేవు. చిన్నచోట్లకు చట్టం చేయడం అసాధ్యమేమీ కాదు. నూర్పిడి యంత్రాల ప్రమాదాల కోసం 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పొలంలో సాధ్యమైనది షెడ్డులో ఎందుకు సాధ్యం కాదు?

మరమ్మతు విషయానికి వద్దాం. ఇది బ్రహ్మవిద్య కాదు. మెయిన్ స్విచ్ ఆపాలి. ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి, పని ముగిసేదాకా విప్పే మనిషే తన దగ్గర ఉంచుకోవాలి. టెస్టర్ పనిచేస్తోందని కరెంటున్న వేరే చోట చూసుకుని, తర్వాత పెట్టెలో మూడు ఫేజులూ చూడాలి. కొత్త కాయిల్ పాతదాని వోల్టేజీకి సరిపోవాలి: 240 వోల్టుల కాయిల్‌ను 415కు కలిపితే కాలిపోతుంది. పాయింట్లు బాగా తినేసి ఉంటే ఆకురాయితో అరగదీయడం కన్నా మొత్తం సెట్టు మార్చడమే మేలు. రిలేను సాధారణంగా మోటారు ప్లేటు మీద రాసి ఉన్న ఆంపియర్లకే పెట్టాలి. ఎర్తు వైరు ఊడలేదని చూడాలి. చివరిగా, మిషన్ తిరుగుతుండగా దూరం నుంచి మెయిన్ ఆపి మళ్లీ వెయ్యండి. దానంతట అది తిరిగితే ఆ స్టార్టర్ బాగుపడలేదన్నమాట. తెలిసిన మనిషి పక్కన ఉండి నేర్పకుండా ఎవరూ పెట్టె విప్పవద్దు. ఈ మాట మగవాళ్లకూ వర్తిస్తుంది.

దీనికి కూలితోనూ సంబంధం ఉంది. స్టార్టర్ విప్పగలవాడు ఆపరేటరు, పక్కన ఎన్నేళ్లు పనిచేసినా ఆమె హెల్పరు. ఒకే రకమైన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. “ఇద్దరి పనీ ఒకటి కాదు, అతనికి నైపుణ్యం ఉంది” అనడంతో ఆ చట్టం గుమ్మం బయటే ఆగిపోయింది. నైపుణ్యం నేర్పకుండా ఆపిందెవరని మనం తిరిగి అడగాలి.

కాబట్టి మూడు డిమాండ్లు మన ముందున్నాయి. స్టార్టర్ చెడిన మిషన్‌ను బాగుచేసేదాకా నడపకూడదు, ఆ రోజు కూలి కోయకూడదు. ఎర్ర బటన్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి చేతికి అందేచోట ఉండాలి. మరమ్మతు ఆడవాళ్లకూ నేర్పాలి, నేర్చుకున్నాక ఆపరేటరు కూలి ఇవ్వాలి.

ఈ బల్ల మీద ఒక పాత స్టార్టర్ తెచ్చి పెట్టాను. దీనికి కరెంటు లేదు. నా మాటలు ఇంతటితో ఆపుతాను. మీరు ముందుకు వచ్చి మూత విప్పండి.