క్రేను ఎచట నిలువవలెను?

సంక్రాంతికి ముందు దినములలో హైదరాబాదునుండి విజయవాడకు కారులో బయలుదేరిన కుటుంబములకు పంతంగి టోల్ గేటు వద్ద బారులు తీరిన వాహనములు చిరపరిచితములు. ఆ రద్దీలో చిట్యాలకు ఆవల సరుకు లారీ యొకటి ఇరుసు విరిగి దారికి అడ్డముగా నిలిచినదనుకొందము. క్రేను పంతంగిలోనే యున్నది. కాని దానికిని లారీకిని నడుమ కిక్కిరిసిన బండ్లన్నియు దానికే అడ్డము. ఏ చిక్కును విప్పుటకు పోవుచున్నదో ఆ చిక్కులోనే అది తగుల్కొనును.

అంబులెన్సును గూర్చి మనము చాల మాటలాడితిమి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవను ఎరుగనివారు లేరు. క్రేనును గూర్చి ఆలోచించినది తక్కువ. నుజ్జయిన కాబినులో కాళ్లు చిక్కుకొన్న డ్రైవరు చెంత అంబులెన్సు వచ్చి నిలిచినను, ఇనుమును లాగువారు వచ్చువరకు అతడు వెలుపలికి రాడు. రాత్రివేళ దీపము లేక దారిలో నిలిచిన లారీ మరియొక ప్రమాదమునకు కారణమగుటయు కలదు. గాయపడిన తరువాతి మొదటి గంటకుగల విలువను 2019 నాటి మోటారు వాహనముల చట్ట సవరణము సైతము గుర్తించినది. ఆ గంటలో క్రేను పాలు ఎంత?

లెక్క కష్టమైనది కాదు. 60 కిలోమీటర్ల దారికి రెండు క్రేనులు కలవనుకొందము. రెండు కొసలను ఒక్కొక్కటి నిలిపినచో నట్టనడుమ జరిగిన ప్రమాదమునకు 30 కిలోమీటర్లు పోవలెను. బరువైన బండి గంటకు 40 కిలోమీటర్లు నడిచినను ముప్పాతిక గంట పట్టును. ఆ రెండింటినే 15వ కిలోమీటరు వద్ద, 45వ కిలోమీటరు వద్ద నిలిపినచో ఎచటికైనను 15 కిలోమీటర్లకు మించదు. క్రొత్తగా ఒక్క క్రేనును కొనకుండగనే కాలము సగమైనది!

1964లో హకిమీ అను శాస్త్రజ్ఞుడు రహదారులపై పోలీసు ఠాణాకు తగిన తావు ఏదియో గణితముచే విచారించి, రెండు విధములైన తావులను వేరుపరచెను. అందరి దూరముల మొత్తమును తగ్గించునది ఒకటి. అందరికంటె దూరమున నున్నవాని నిరీక్షణను తగ్గించునది మరియొకటి. మన జాతీయ రహదారులపై 500 మీటర్ల నిడివిలో మూడేండ్లలో మరణముగాని తీవ్రగాయముగాని కలిగించిన ప్రమాదములు 5 జరిగినను, 10 మంది మరణించినను ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’ అందురు. మొదటి లెక్క క్రేనును అట్టి చోట్ల వైపునకు లాగును. రెండవది నిర్జనమైన దారిని మరువనీయదు. మేము రెండవదానికే మ్రొగ్గుదుము. ఇనుము క్రింద చిక్కినవానికి సగటు లెక్క చెప్పి ఊరడింపలేము గదా.

పటముపై కొలిచిన దూరమును మాత్రము నమ్మరాదు. నడుమ డివైడరు ఉన్న దారిలో, ఎదుటి వైపున రెండు కిలోమీటర్ల దూరమున నున్న లారీని చేరుటకు ముందుకు సాగి, సందు దొరికినచోట తిరిగి, పది కిలోమీటర్లు నడువవలసిరావచ్చును. కనుక దూరమును నిమిషములలో, ఒక్కొక్క దిక్కునకు వేరుగా కొలువవలెను. దారి మూసికొన్నపుడు వెనుకనుండి గాక, లారీకి ముందున్న ఖాళీ దారిలో పోలీసుల కాపుదలతో ఎదురుగా క్రేనును రప్పించుటయే సులువు. చిట్యాల చెంత నిలిచిన లారీకి పంతంగి దగ్గరదైనను, కొర్లపహాడ్ వైపునుండి వచ్చు క్రేనే ముందుగా చేరవచ్చును. 1033కు ఫోను చేయువారు తాము పోవుచున్న దిక్కును సైతము చెప్పుట ఇందులకే మేలు.

టోల్ గేటు వద్దనే క్రేనును ఉంచుట కేవలము అలసత్వము కాదు. అచట దీపము, నీరు, టీ, అజమాయిషీ కలవు. డ్రైవరు లేని క్రేను ఇనుప కుప్పయే. 15వ కిలోమీటరు వద్ద దానిని నిలుపగోరువారు అచట ముందుగా ఒక రేకుల షెడ్డు, విద్యుద్దీపము, ఫోను, రెండు వంతుల సిబ్బంది ఏర్పరుపవలెను. దాపున డివైడరులో గొలుసు కట్టిన సందు ఒకటి విడిచి, దాని తాళపుచెవిని ఆ సిబ్బంది చేతికే ఈయవలెను.