ప్రాతఫోను నొరుల కిచ్చుటకు ముందు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గుఱించి పెద్దలు విపులముగా సెలవిచ్చిరి. నాకు నియమింపబడిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. మన యిండ్లలో బల్లసొరుగులందు పడియున్న ప్రాత స్మార్టుఫోనులను చదువుకొను పిల్లలకు ఒసగునపుడు దాత ముందుగా చేయవలసిన పని యేమి యనునదే యా విషయము. నేడు విద్యార్థివేతనపు దరఖాస్తు మొదలు పరీక్షాఫలితము వఱకు ఫోనుమీదనే నడచుచున్నది. అది లేని పిల్ల ఇరుగుపొరుగువారి ఫోనుకై వేచియుండవలసినదే. కావున ఇచ్చుట మంచిది; అయితే ఇచ్చు విధమొకటి కలదు.

కఠోపనిషత్తునందలి వాజశ్రవసుని కథ మీరెఱుగుదురు. పాలింక నీయజాలని ముదిగోవులను అతడు దానము చేయుచుండగా, కుమారుడగు నచికేతుని మనసు కలతపడెను. తాళము విప్పక ఇచ్చిన ఫోను అట్టి గోవే.

ఈ తాళ మెట్టిదో కొంచెము వివరించెదను. ఫోనుల దొంగతనము నరికట్టుటకై 2013లో ఆపిల్ కంపెనీవారు ఐఫోనులకును, 2015లో గూగుల్‌వారు ఆండ్రాయిడ్ ఫోనులకును ఒక బంధనమును చేర్చిరి. లోపలనున్న దంతయు తుడిచివేసినను, తొలి యజమానుని అకౌంటును పాస్‌వర్డును చెప్పినగాని ఫోను తెఱచుకొనదు. ముఖ్యముగా ఆండ్రాయిడ్ ఫోనును ప్రక్కనున్న బొత్తాములు నొక్కిపట్టి తుడిచినచో ఈ తాళము అట్లే నిలిచియుండును. దొంగకు వేసిన తాళము దానము పుచ్చుకొన్న పిల్లకును తగులును. “అయ్యగారూ, తమ పాస్‌వర్డు కావలె”నని యా పిల్ల దాతకు కబురంపవలెనా? ఆయన చెప్పదగదు; ఆమె అడుగజాలదు. తుదకు బజారులోని దుకాణమునకు పోయినచో, తాళము పడిన ఫోను నీకెక్కడిదని దుకాణదారుడు ప్రశ్నించును. ఇచ్చినవారికి పుణ్యము, పుచ్చుకొన్నవారికి అపనింద!

దీనికి మందు సులభము. తుడుచుటకు ముందే సెట్టింగులలోనికి పోయి గూగుల్ అకౌంటును మన చేతితోనే తొలగింపవలెను. ఐఫోనైనచో ఐక్లౌడ్ అకౌంటునుండి బయటికి వచ్చి, ఫోనును వెదకు సదుపాయమును ఆపవలెను. ఐఫోనును ఇచ్చివేసిన పిదప జ్ఞప్తికి వచ్చినను, మఱియొక యంత్రమునుండి ఐక్లౌడ్ తెఱచి ఆ ఫోనును తుడిచి తమ అకౌంటునుండి తొలగింపవచ్చును. గూగుల్ పాస్‌వర్డును క్రొత్తగా మార్చినవారు ఒక దినము ఆగి తుడుచుట క్షేమము.

అంతకుముందు చేయవలసిన దొకటి కలదు. పలువురు తొందరలో తప్పుచున్నదియు ఇచటనే. పరులకు చిక్కరాదని ఛాయాచిత్రములను పేర్లపట్టికను ఒక్కొక్కటిగా చెఱిపివేయుదురు. అకౌంటు ఇంకను కలిసియున్నందున, ఇచట చెఱిపినది క్రొత్తఫోనులోను మాయమగును! గతించిన పెద్దల చిత్రములు ఇట్లు పోయిన పిమ్మట విలపించి ప్రయోజనమేమి? కనుక మొదట సమస్తమును క్రొత్తఫోనునకు చేర్చి, అవి తెఱచుకొనుచున్నవో లేవో కన్నులార చూచుకొని, ఆ మీదట ఒక్కమాఱుగా మొత్తము తుడువవలెను. వాట్సాప్ సంభాషణలను, రెండవ తనిఖీకి అంకెలనిచ్చు ఆథెంటికేటర్ ఆప్‌ను తఱచు మఱచుచుందురు. ఈ రెండవది ప్రాతఫోనుతో పోయినచో మన అకౌంటులోనికి మనమే ప్రవేశింపలేని దుర్గతి పట్టును. యూపీఐ చెల్లింపులను క్రొత్తఫోనులో మరల నమోదు చేసికొని, ప్రాతదానిలో తొలగింపుడు. సిమ్ముకార్డును మెమొరీకార్డును ఊడదీయుడు. మెమొరీకార్డులోని దానిని ఫోను తుడుపు సాధారణముగా ముట్టదు.

తుడిచినను లోపలి విషయములను తిరిగి తీయగలరట గదా యని కొందఱి సందేహము. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ 6 నాటినుండి క్రొత్తగా వచ్చిన ఫోనులలో చాలవఱకు, లోపలి సమాచారమంతయు గూఢలిపిలోనే వ్రాయబడియుండును. తుడిచినపుడు ఆ లిపికి తాళపుచెవియే నశించును. మిగిలినది చదువరాని గజిబిజి. అంతకు పూర్వపు ఫోనైనచో గూఢలిపి సదుపాయమును ముందు నెలకొల్పి పిదప తుడువవలెను.

తుడిచిన పిమ్మట ఫోనును వెలిగించి, ఇంటి వైఫైకి కలుపుట వఱకు పోయి చూడుడు. పూర్వపు యజమానుని అకౌంటు నడుగకున్నచో తాళము వదలినట్లే. అంతటితో ఆర్పివేయుడు. తక్కినది ఆ పిల్ల తన పేరిట తానే నింపుకొనును.

ఇక ఈయదగని ఫోనుల మాట. వీపు ఉబ్బిన ఫోనును ఎవరికిని ఈయరాదు. ఆ బ్యాటరీ అంటుకొనవచ్చును. దానిని 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నిబంధనలప్రకారము నమోదైన రీసైక్లరులకు అప్పగింపవలెను. 2016లో సేవ ప్రారంభించిన జియో 4జీ, 5జీల మీదనే నడచుటచే, మిక్కిలి ప్రాతఫోనులలో దాని సిమ్ము మాట కలుపదు. పిల్ల వాడు సిమ్మేదో ముందే విచారించుట మేలు. పనిచేయు ఛార్జరు కూడ ఈయవలెనని వేఱుగా చెప్పవలెనా?

ఒక కాగితము సంగతి చెప్పి ముగించెదను. *#06# నొక్కినచో పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్య కానవచ్చును. ఆ సంఖ్యను, తేదీని, “ఈ ఫోనును నేను స్వయముగా ఇచ్చితి”నను వాక్యమును వ్రాసి సంతకము చేసి, దొరికిన యెడల కొన్న బిల్లుతో కూడ ఈయుడు. 2023 మే నెలలో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంచార్ సాథీ ద్వారా పోయిన ఫోనులను ఈ సంఖ్యతోనే నిలిపివేయుచున్నారు. రేపెవరైన ప్రశ్నించినపుడు ఆ పిల్ల చూపదగిన ఆధారము ఈ కాగితమే.

ఫోనులు వెంట తెచ్చిన పెద్దలు భోజనానంతరము మండపమునకు తూర్పున వేసిన బల్లయొద్దకు దయచేయుడు. మన కళాశాల విద్యార్థు లచట సాయపడెదరు. పాస్‌వర్డును మాత్రము తామే నొక్కుడు. వారికి సైతము చెప్పకుడు.